శాస్త్రం చదివిందెవరు?

(జిల్లా మహిళా సదస్సులో ఒక తెలుగు అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)



"ప్రాచీన విద్య - స్త్రీలు" అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఈ అంశం మీద మన సభల్లో ఎవరు మాట్లాడినా గార్గి, మైత్రేయిలతో మొదలుపెట్టడం ఆనవాయితీ. వేదకాలంలో ఆడవాళ్ళకు అన్ని చదువులూ ఉండేవనీ, తర్వాతెప్పుడో బయటివాళ్ళ దాడుల వల్ల పోయాయనీ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. నేనూ గార్గితోనే మొదలుపెడతాను. కాకపోతే ఆమె కథను సగంలో ఆపకుండా చెప్పుకుందాం.

బృహదారణ్యకోపనిషత్తులో జనకుడి సభ ఉంది. పండితులందరూ యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్నలు అడుగుతున్నారు. గార్గి లేచి, నీళ్ళు దేనిమీద పడుగుపేకల్లా అల్లుకుని ఉన్నాయని అడుగుతుంది. ఆయన చెప్పిన ప్రతి జవాబు మీదా ఇంకో ప్రశ్న వేస్తూ బ్రహ్మలోకం దాకా వెళుతుంది. అప్పుడాయన ఇక అడగవద్దనీ, అడిగితే తల రాలిపోతుందనీ హెచ్చరిస్తాడు. ఆమె కూర్చుంటుంది. కాసేపటికి మళ్ళీ లేచి మరో రెండు ప్రశ్నలు వేస్తుంది. ఆ సభలో తల రాలిపోతుందన్న మాట మగవాళ్ళకూ వర్తించింది, శాకల్యుడికి నిజంగానే రాలింది కూడా. కాబట్టి దాన్నొక్కదాన్నీ పట్టుకుని నేను వాదించను. నేను చూపించదలచుకున్నది అదే ఉపనిషత్తు చివర్లో ఉన్న మరో చోటు. గార్గి గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా అక్కడిదాకా రారు.

పండితురాలైన కూతురు కావాలనుకునే దంపతులు ఏం చేయాలో అక్కడ చెప్పారు. నువ్వులు కలిపి వండిన అన్నం నేతితో తినాలట. మూలంలో ఉన్న మాట "పండిత" అనే. దానికి శంకరాచార్యుల భాష్యం ఏం చెబుతుందంటే, కూతురి పాండిత్యం ఇంటి వ్యవహారాలకు సంబంధించినది మాత్రమే, ఎందుకంటే ఆమెకు వేదంలో అధికారం లేదు. ఆ పక్కనే కొడుకు గురించి ఉన్న పాండిత్యానికి మాత్రం ఇలాంటి షరతు లేదు.

అంటే మూలంలో పిల్ల పండితురాలు. వ్యాఖ్యానంలోకి వచ్చేసరికి వంటింటి పండితురాలు. మూలాన్ని ఎవరూ చెరపలేదు, ఒక్క అక్షరం మార్చలేదు. పక్కన ఒక వాక్యం రాశారు, అంతే. నా ప్రసంగం సారాంశం ఇప్పుడే చెప్పేస్తున్నాను, మధ్యలో పిల్లలు ఏడ్చి లేచి వెళ్ళాల్సిన వాళ్ళుంటారు కనుక. సంస్కృతం గానీ, కావ్యవ్యాకరణాలు గానీ ఆడవాళ్ళకు దక్కకపోవడమంటే నాలుగు శ్లోకాలు రాకపోవడం కాదు. ఆ పక్కన వాక్యం రాసే హక్కు లేకపోవడం.

ఇది పరలోకానికి సంబంధించిన గొడవ కదా, మన హక్కులతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పొలాల సంగతి చూద్దాం. మనలో 1956కు ముందు పుట్టిన వాళ్ళ అమ్మలకు ఆస్తి ఎంత వచ్చిందో, రాలేదో నిర్ణయించింది ప్రధానంగా మితాక్షర. అది యాజ్ఞవల్క్య స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం. 13వ శతాబ్దంలోనే కేతన దాన్ని "విజ్ఞానేశ్వరీయం" పేరుతో తెలుగు చేశాడు. ఇంగ్లీషువాళ్ళు కోర్టులు పెట్టినప్పుడు హిందువుల ఆస్తి తగాదాలు శాస్త్రం ప్రకారం తేల్చాలన్నారు. శాస్త్రం చెప్పడానికి కోర్టుల్లో పండితుల్ని పెట్టుకున్నారు. 1864లో ఆ పదవులు రద్దయ్యేదాకా జడ్జీలు వాళ్ళనడిగారు, ఆ తర్వాత ఇంగ్లీషు అనువాదాల్నీ పాత తీర్పుల్నీ చూసుకున్నారు.

ఇక్కడ విచిత్రం వినండి. స్త్రీధనం అంటే ఏమిటన్న చోట విజ్ఞానేశ్వరుడు కొంత ఉదారంగానే రాశాడు. ఆమెకు వారసత్వంగా వచ్చింది, ఆమె కొనుక్కున్నది కూడా స్త్రీధనమే అన్నాడు. లండనులోని ప్రీవీ కౌన్సిల్ మాత్రం మరో దారి పట్టింది. వారసత్వంగా వచ్చిన ఆస్తి స్త్రీధనం కాదనీ, బతికినన్నాళ్ళు అనుభవించి పోవలసిందేననీ 19వ శతాబ్దంలో తీర్పులు చెప్పింది. కాబట్టి నెపమంతా శాస్త్రం మీద వేస్తే సరిపోదు. శాస్త్రంలో ఆడదానికి అనుకూలంగా ఉన్న ఒక్క ముక్క కూడా ఆమెకు దక్కకుండా పోయింది. ఆ కోర్టు గదిలో పండితుడు మగవాడు, వకీలు మగవాడు, జడ్జీ మగవాడు. ఎవరి ఆస్తి గురించి మాట్లాడుతున్నారో ఆ విధవరాలికి సంస్కృతమూ రాదు, ఇంగ్లీషూ రాదు. తన తరఫున పుస్తకంలో ఏముందో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

మరి ఆ భాష ఆడవాళ్ళకు అసలు అందనే లేదా? అందింది. కానీ ఎవరికి అందిందో చూడాలి. సంస్కృత నాటకాల్లో ఒక ఏర్పాటుంది. రాజూ మంత్రీ సంస్కృతంలో మాట్లాడతారు. ఆడవాళ్ళూ సేవకులూ ప్రాకృతంలో మాట్లాడతారు. దుష్యంతుడు సంస్కృతంలో అడుగుతాడు, శకుంతల ప్రాకృతంలో జవాబిస్తుంది. ఋషి ఆశ్రమంలో, కణ్వుడి ఇంట్లో పెరిగిన పిల్లకు సంస్కృతం రాదా అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. తెలుగు అనువాదాల్లో అందరి మాటలూ తెలుగే కాబట్టి ఈ తేడా మన కంటికి ఆనదు. వినడానికి అందరికీ అర్థమవుతుంది, మాట్లాడడానికి మాత్రం హోదా ఉండాలి. భరతుడి నాట్యశాస్త్రం కొన్ని మినహాయింపులిచ్చింది. రాణులు, వేశ్యలు, సన్యాసినులు వంటివారు సందర్భాన్ని బట్టి సంస్కృతం మాట్లాడవచ్చు. "మాలవికాగ్నిమిత్రం"లో పరివ్రాజిక అలాగే మాట్లాడుతుంది.

ఈ మినహాయింపును గుర్తుపెట్టుకోండి. నాటకంలో రాసిన ఈ జాబితా జీవితంలోనూ దాదాపు అలాగే నడిచింది. రాణి, వేశ్య, సన్యాసిని. సంసారం చేసుకునే మామూలు ఆడది ఇందులో లేదు.

మన తెలుగు కవయిత్రుల్నే చూడండి. మొల్ల రామాయణం రాసింది. ఛందస్సు తెలుసు, అలంకారాలు తెలుసు, తన ముందు కవుల్ని తెలుసు. కానీ పీఠికలో తనకు శాస్త్రాలేవీ రావనీ, శ్రీకంఠ మల్లేశ్వరుడి వరం వల్ల రాస్తున్నాననీ చెప్పుకుంది. 18వ శతాబ్దంలో తరిగొండ వెంగమాంబ బాలవితంతువు, యోగిని. అన్ని గ్రంథాలు రాసి, చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలైనా నేర్చుకోలేదని చెప్పింది. మన సాహిత్య చరిత్రకారులు ఈ మాటల్ని అక్షరాలా నమ్మేసి "సహజ కవయిత్రి" అని బిరుదులిచ్చారు. నాకు ఆ బిరుదు నచ్చదు. మగ కవులూ వినయం ప్రకటించారు, నిజమే. కానీ వాళ్ళు చెప్పిన వెంటనే గురువు పేరూ వంశం పేరూ చెప్పుకున్నారు. ఆడవాళ్ళు చదువుకున్నామని చెబితే "నీకెవడు నేర్పాడు, ఎందుకు నేర్పాడు" అన్న ప్రశ్న వస్తుంది. దేవుడిచ్చాడంటే ఆ ప్రశ్న రాదు. చదువుకోలేదని చెప్పుకోవడం ఆ చదువును వాడుకోవడానికి తీసుకున్న పర్మిట్ అని నేననుకుంటాను.

ఆ పర్మిట్ తీసుకోనిది ముద్దుపళని. తంజావూరులో ప్రతాపసింహుడి కాలం, అంటే 18వ శతాబ్దం మధ్య భాగం. ఆమె దేవదాసీ కుటుంబంలో పుట్టింది. ఆ ఇళ్ళల్లో సంగీతం, నాట్యం, సంస్కృతం, తెలుగు నేర్చుకోవడం వృత్తిలో భాగం. "రాధికా సాంత్వనం"లో ఆమె తన అమ్మమ్మల గురించి, తన పాండిత్యం గురించి దాపరికం లేకుండా చెప్పుకుంది. 19వ శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం గారు "ఆంధ్ర కవుల చరిత్ర"లో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆ కావ్యం ఆడవాళ్ళు వినదగిందే కాదని తీర్పు చెప్పారు. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని చదివి, ముద్రితమైన ప్రతిలో పద్యాలు వదిలేశారని గుర్తించి, వ్రాతప్రతి సంపాదించి, పరిష్కరించి 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. పీఠికలో వీరేశలింగం గారికి జవాబు చెప్పింది. సిగ్గనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అన్నది ఆమె ప్రశ్న. తర్వాత ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించి ప్రతులు స్వాధీనం చేసుకుంది. ప్రకాశం పంతులు గారు మద్రాసులో అధికారంలో ఉన్న 1946-47 కాలంలో గానీ నిషేధం తొలగలేదు. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో భారతీయ స్త్రీల రచనల సంకలనం వచ్చాక ఈ కథ దేశమంతా తెలిసింది.

నిషేధం గురించి అందరూ మాట్లాడతారు, అందులో ఉన్న శృంగారం గురించీ మాట్లాడతారు. నాగరత్నమ్మ చేసిన పని గురించి తక్కువ మాట్లాడతారు. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని, ఏ పద్యం ఎక్కడ పోయిందో పట్టుకుని, పాఠం సరిచేసి, పీఠిక రాయడం. అది పరిష్కర్త పని. అప్పటికి అది పండితుల సొత్తు. ఒక ఆడమనిషి ఒక ఆడమనిషి పుస్తకానికి ఆ పని చేసింది. పక్కన వాక్యం రాయడమంటే అదీ.

దీనివల్ల సంసార స్త్రీలకు ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. చదువూ పాటా దేవదాసీలకు ఉన్నాయి కాబట్టి, చదివిన ఆడది చెడిపోతుందన్న మాట గట్టిపడింది. చదివితే వైధవ్యం వస్తుందన్న భయం దానికి తోడు. సంఘసంస్కర్తలు ఆ మాటతో పోరాడారు. వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, 1883లో "సతీహితబోధిని" పత్రిక పెట్టారు. ఆయన చేసిన మేలు నేను తక్కువ చేయను, ఆ బడులు లేకపోతే నేనీ వేదిక మీద ఉండను. కానీ పత్రిక పేరు చూడండి. సతికి హితమైనది బోధించడం. ఆడదానికి చదువు కావాలి, అయితే మంచి భార్య కావడానికి సరిపడా కావాలి. పాత భాష్యకారుడి మాటకు ఇది మరీ దూరం కాదు.

ఇంకో సంగతి. 19వ శతాబ్దంలో ఆడవాళ్ళ గురించి జరిగిన పెద్ద వాదాలన్నీ శాస్త్రం మీదే జరిగాయి. సహగమనం మీద రామమోహన్ రాయ్ శాస్త్రం చూపించాడు, ఎదుటివాళ్ళూ శాస్త్రమే చూపించారు. వితంతు వివాహానికి విద్యాసాగరుడు 1855లో పరాశర స్మృతిని చూపించాడు, మరుసటి ఏడాది చట్టం వచ్చింది. 1879లో రాజమండ్రిలో వీరేశలింగం గారి ఉపన్యాసాలూ శాస్త్ర ప్రమాణాలతోనే నడిచాయి. ఇటూ అటూ మగ పండితులే. కాల్చబడేదీ, గుండు చేయించుకునేదీ ఆడది. వాదంలో ఆమె మాట ఎక్కడా లేదు. వాదం జరుగుతున్న భాష ఆమెకు రాదు కాబట్టి మాట ఉండే వీలు కూడా లేదు.

ఆ భాష వచ్చిన ఒక స్త్రీ అప్పుడే బయలుదేరింది. ఆమె గురించి కాస్త నిదానంగా చెబుతాను.

పండిత రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మంగుళూరు ప్రాంతపు బ్రాహ్మణ పండితుడు. కుర్రతనంలో పుణేలో ఆయన గురువు పీష్వా గారి భార్యకు సంస్కృతం చెప్పేవాడు. ఆమె శ్లోకాలు చదవడం విని ఈయనకు ఆశ్చర్యం కలిగింది. మళ్ళీ అదే జాబితా చూడండి, రాణికి మినహాయింపు. అనంతశాస్త్రి ఆ మినహాయింపును ఇంటికి తెచ్చాడు. నలభై దాటాక తొమ్మిదేళ్ళ లక్ష్మీబాయిని రెండో పెళ్ళి చేసుకున్నాడు. అది ఆ కాలపు దారుణమే, ఆయన సంస్కర్త కదా అని దాన్ని దాచిపెట్టనక్కర్లేదు. ఆ పిల్లకు సంస్కృతం నేర్పాడు. మఠంవాళ్ళు నిలదీస్తే, స్త్రీలు సంస్కృతం చదవవచ్చని శాస్త్రాల నుంచే ఆధారాలు చూపించాడు. తర్వాత పడమటి కనుమల్లో గంగామూల అనే అడవి చోట కాపురం పెట్టాడు. అక్కడ 1858లో రమాబాయి పుట్టింది.

ఆమెకు చదువు చెప్పింది ముఖ్యంగా తల్లి. తెల్లవారకముందే, ఇంటి పని మొదలవకముందే పిల్లని లేపి ఒళ్ళో పెట్టుకుని చెప్పేది. భాగవతంలోని పద్దెనిమిది వేల శ్లోకాలు పన్నెండేళ్ళకే ఆ పిల్లకు కంఠతా వచ్చాయి. కుటుంబం పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పురాణం చెప్పి బతికేది. 1870లలో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన కరువులో తల్లీ తండ్రీ, అక్కా పోయారు. రమాబాయీ అన్న శ్రీనివాసూ వేల మైళ్ళు నడిచి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు పరీక్షించి ఆమెకు "పండిత", "సరస్వతి" అని బిరుదులిచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు.

తర్వాత జరిగింది అసలు సంగతి. పరదాలో ఉండే ఇళ్ళ ఆడవాళ్ళకు స్త్రీధర్మాలు శాస్త్రప్రకారం ఉపన్యసించమని పెద్దలు ఆమెను అడిగారు. పతివ్రతల గురించి చెబుతుందని వాళ్ళ ఆశ. ఉపన్యాసం చెప్పాలంటే చదవాలి కదా. అప్పటిదాకా ఆమె చదివింది పురాణాలు, కావ్యాలు, వ్యాకరణం. ఇప్పుడు ధర్మశాస్త్రాలు తీసింది. ఏ రెండు పుస్తకాలూ ఏ విషయంలోనూ ఏకీభవించవనీ, రెండు విషయాల్లో మాత్రం అన్నీ ఒకటే అంటాయనీ గమనించింది. ఒకటి, ఆడవాళ్ళు కులంతో నిమిత్తం లేకుండా స్వభావరీత్యా చెడ్డవాళ్ళు. రెండు, ఆడవాళ్ళకూ శూద్రులకూ వేదం చదివే అధికారం లేదు, వేదజ్ఞానం లేకపోతే మోక్షం లేదు, కాబట్టి మొగుణ్ణి దేవుడిగా కొలిచి వచ్చే జన్మలో పై కులపు మగవాడుగా పుట్టడమే దారి. బ్రహ్మసమాజం నాయకుడు కేశవచంద్ర సేన్ వేదం చదివావా అని అడిగితే ఆమె ఆశ్చర్యపోయి, ఆడవాళ్ళు చదవకూడదు కదా అందట. అంత తిరుగుబాటు చేసిన తండ్రి కూడా వేదం దగ్గర ఆగిపోయాడు. ఆయనే పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. ఆమె చదివింది.

ఆడవాళ్ళకు బుద్ధి చెప్పడానికి శాస్త్రం చదవమన్నారు. ఆమె నిజంగానే చదివింది. అదీ వాళ్ళకు వచ్చిన చిక్కు. 1887లో అమెరికాలో అచ్చయిన ఆమె ఇంగ్లీషు పుస్తకం "హైకాస్ట్ హిందూ వుమన్"లో మనుస్మృతిని ఎదురుగా పెట్టుకుని ప్రశ్నించింది. శాస్త్రం మీ సొంతం, మాకేం తెలుసు అనే మాట ఆమె విషయంలో చెల్లలేదు. దాంతో విమర్శ ఆమె చదువు మీంచి ఆమె నడవడి మీదికి మారింది. శూద్ర కులపు వకీలును పెళ్ళాడింది, రెండేళ్ళు తిరగకుండా వితంతువైంది, 1883లో ఇంగ్లండులో క్రైస్తవం తీసుకుంది. ఒక్కొక్కటీ వేలెత్తి చూపడానికి పనికొచ్చింది. 1882లో హంటర్ కమిషన్ ముందు ఆమె ఆడవాళ్ళకు ఆడ ఉపాధ్యాయులు, ఆడ డాక్టర్లు కావాలని సాక్ష్యం చెప్పింది. చదువుకున్న మగవాళ్ళలో నూటికి తొంభైతొమ్మిది మంది స్త్రీవిద్యకు వ్యతిరేకులన్న ఆమె మాట అప్పటి పెద్దలకు మింగుడుపడలేదు.

ఆమె జీవితం చివరి భాగం ఈ అంశానికి మరీ దగ్గర. పుణే దగ్గర కేడ్‌గావ్‌లో ఆశ్రమం పెట్టి, ప్రెస్సు పెట్టి, అక్కడి స్త్రీలకే అక్షరాలు కూర్చడం నేర్పింది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మూలం నుంచి మరాఠీలోకి అనువదించింది. 1922లో చనిపోయే ముందే ఆ పని పూర్తిచేసింది. దేశంలో అంత సంస్కృతం వచ్చిన స్త్రీ మరొకరు లేని రోజుల్లో, ఆ అనువాదంలో సంస్కృత పదాలు వీలైనంత తగ్గించి, పల్లెటూరి ఆడవాళ్ళకు అర్థమయ్యే మరాఠీ రాసింది. ఆమె మతంతో మనకు ఏకీభావం ఉండనక్కర్లేదు. పెద్ద భాషలన్నీ నేర్చుకుని, వాటి తాళం తీసి, లోపలిదాన్ని వీధిలో పెట్టిన మనిషి ఆమె.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో సంస్కృతం స్థానంలో గ్రీకూ లాటినూ ఉండేవి. రమాబాయి పుస్తకం వచ్చిన 1887లోనే కేంబ్రిడ్జిలో ఆగ్నాటా రాంసే అనే అమ్మాయి గ్రీకు, లాటిన్ పరీక్షలో మొదటి తరగతి మొదటి విభాగంలో నిలిచింది. ఆ విభాగంలో ఆమె తప్ప ఇంకెవరూ, ఒక్క మగవాడూ లేడు. అయినా డిగ్రీ ఇవ్వలేదు. 1897లో ఆడవాళ్ళకు డిగ్రీలు ఇవ్వాలా అని ఓటింగు పెడితే, మగ విద్యార్థులు సైకిలు మీద కూర్చున్న ఆడ దిష్టిబొమ్మను వీధిలో వేలాడదీశారు. తీర్మానం ఓడిపోయింది. అక్కడ ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీ వచ్చింది 1948లో. అందరికీ గ్రీకు తప్పనిసరి అన్న నిబంధనను 1919లోనే ఎత్తేశారు. ఆడవాళ్ళు లోపలికి అడుగుపెట్టేసరికి ఆ భాషకు పాత విలువ లేదు.

మన దగ్గరా అంతే జరిగింది. 1901 జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాలు వచ్చిన ఆడవాళ్ళు వెయ్యికి ఆరుగురు. ఆ రోజుల్లో భండారు అచ్చమాంబ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువుకుని, హిందీ, మరాఠీ, బెంగాలీ, కొంత సంస్కృతం నేర్చుకుని "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. ఇంట్లో ఒక తమ్ముడు మంచివాడైతే చదువు, లేకపోతే లేదు. హక్కు కాదు, దయ. తర్వాత బడులొచ్చాయి, ఓరియంటల్ కాలేజీలొచ్చాయి, భాషాప్రవీణ, విద్వాన్ పరీక్షలొచ్చాయి, ఆడవాళ్ళు చేరారు. అప్పటికి మగపిల్లలు ఇంగ్లీషుకూ, లెక్కలకూ, ఇంజనీరింగుకూ వెళ్ళిపోయారు. హైస్కూల్లో భాషా పండితులకు మిగతా టీచర్లతో సమాన హోదా కావాలని దశాబ్దాల తరబడి ఉద్యమాలు చేయాల్సివచ్చింది. ఇంటర్మీడియట్‌లో సంస్కృతం ఇప్పుడు మార్కుల కోసం తీసుకునే సెకండ్ లాంగ్వేజ్. తలుపు తెరిచేసరికి లోపలి సామాను వేరే ఇంటికి తరలిపోయింది.

అన్ని తలుపులూ తెరుచుకోలేదు కూడా. 1994లో కలకత్తాలో ఒక సభలో ఒక స్త్రీ వేదమంత్రాలు చదవబోతే పూరీ శంకరాచార్యులు అభ్యంతరం చెప్పి ఆపించారు. రమాబాయిని అదే కలకత్తాలో సరస్వతి అని పిలిచి అప్పటికి నూటపదహారేళ్ళు.

ఇప్పటిదాకా నేను చెప్పినవాళ్ళలో చాలామంది పై కులాలవాళ్ళు. అది నాకు తెలుసు. రమాబాయి ముందే, 1855లో, పుణేలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న ముక్తా సాల్వే అనే పద్నాలుగేళ్ళ మాంగ్ కులపు అమ్మాయి ఒక వ్యాసం రాసింది. "జ్ఞానోదయ" పత్రికలో అచ్చయింది. వేదం తమదేననీ, మాకు చూసే హక్కు లేదనీ బ్రాహ్మణులంటున్నారు కదా, అయితే మాకు మతగ్రంథం లేనట్టే, మరి మా మతమేమిటో చెప్పండని అడిగింది. ఆ తర్కంలో నాకు తప్పు కనపడదు. చదవనివ్వని పుస్తకం చదవనివ్వని వాళ్ళను ఎలా కట్టివేస్తుంది? రమాబాయి చదివి ప్రశ్నించింది. ముక్త చదవనివ్వలేదు కాబట్టే ప్రశ్నించింది. రెండూ మనకు కావాలి.

అంబేడ్కర్‌ను స్కూల్లో సంస్కృతం తీసుకోనివ్వలేదు, పర్షియన్ తీసుకోవాల్సివచ్చింది. తర్వాత ఆయన సొంతంగా నేర్చుకున్నాడు. హిందూ కోడ్ బిల్లు మీద పార్లమెంటులో ధర్మశాస్త్రాలు పట్టుకుని వాదించింది ఆయనే. నాగపూర్‌లో కుముద్ పావ్డే అనే మహర్ కుటుంబపు అమ్మాయి హైస్కూల్లో ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుడు ఇష్టంగా చెబితే సంస్కృతం నేర్చుకుని, ఎం.ఎ. మంచి మార్కులతో ప్యాసయింది. 1981లో వచ్చిన "అంతఃస్ఫోట్" అనే మరాఠీ పుస్తకంలో ఆ కథ రాసింది. నీ కులంలో పుట్టి సంస్కృతమా అని మెచ్చుకునేవాళ్ళ మెప్పులో ఎంత అవమానం ఉందో రాసింది. ఎం.ఎ. అయ్యాక ఉద్యోగం రాలేదు. పావ్డే ఇంటిపేరున్న వేరే కులపు యువకుణ్ణి పెళ్ళాడాక వచ్చింది. ఉద్యోగం వచ్చింది కుముద్ పావ్డేకు, పుట్టింటి పేరైన కుముద్ సోమ్‌కువర్‌కు కాదు అని ఆమె ఖరాఖండిగా రాసింది. 2023లో ఆమె చనిపోయింది.

మా కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అడుగుతుంటారు, మేడమ్, ఈ మనుస్మృతి అన్నీ ఇప్పుడెందుకండీ, కంప్యూటర్లు నేర్చుకుంటే ఉద్యోగమన్నా వస్తుంది కదా అని. నేర్చుకోండి తప్పకుండా. కానీ 1985లో మన రాష్ట్రంలో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా చట్టం వచ్చినప్పుడూ, 2005లో దేశమంతటికీ వచ్చినప్పుడూ, ఇళ్ళల్లో మన అన్నదమ్ములు ఎత్తిన మొదటి మాట చట్టం కాదు, "మన ఆచారం ఒప్పుకోదు" అన్నది. ఆచారం ఎక్కడ రాసుందో చూపించమని అడగాలంటే ఎవరో ఒకరు చూసి ఉండాలి. 2020 విద్యావిధానం వచ్చాక ప్రాచీన విజ్ఞానం అన్ని చదువుల్లోకీ వస్తోంది. ఆ పాఠాల పక్కన వాక్యాలు ఎవరు రాస్తున్నారో మనం చూసుకోవాలి.

అందుకని మేం నలుగురైదుగురం ఒక పని మొదలుపెడదామనుకున్నాం. సంస్కృతం వచ్చిన మా సహోద్యోగి ఒకావిడ ఒప్పుకున్నారు. నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం మూడింటి నుంచి అయిదింటి దాకా. ముందు మితాక్షరలో స్త్రీధనం గురించిన భాగం, కేతన తెలుగుతో కలిపి చదువుతాం. తర్వాత "రాధికా సాంత్వనం" నాగరత్నమ్మ పీఠిక. సంస్కృతం రావాల్సిన పనిలేదు, అక్షరాలు సరిగా రానివాళ్ళు కూడా రావచ్చు, పైకి చదివి అర్థం చెబుతాం. పిల్లల్ని తెచ్చుకోవచ్చు. చోటు మన మహిళా సంఘం ఆఫీసే. పేర్లు ఇచ్చేవాళ్ళు బయట టీ దగ్గర నోట్‌బుక్కులో రాయండి.